ఒకే ఇంట్లో ఇద్దరు అమ్మలు, ఒకరికే ఈసీహెచ్‌ఎస్ కార్డు

ప్రశ్న: అన్నయ్య గారికి నమస్కారం. మాది గిద్దలూరు దగ్గర పల్లెటూరు. మా వారు ఆర్మీలో హవల్దార్, బెంగళూరు ఎంఈజీ (మద్రాస్ ఇంజనీర్ గ్రూప్)లో ఉన్నారు. ఈ డిసెంబర్ నెలాఖరుకి పెన్షన్ వచ్చేస్తున్నారు. రామమూర్తి నగర్‌లో అద్దెకుంటున్నాం. బాబుకి 21, బీటెక్ ఆఖరి సంవత్సరం. పాప పీయూసీ. మా అత్తయ్య (71), మా అమ్మ (63) ఇద్దరూ మా దగ్గరే ఉంటారు. అత్తయ్యకి రెండేళ్ళ కిందట కమాండ్ హాస్పిటల్‌లో స్టెంట్ వేశారు, పైసా ఖర్చు కాలేదు. అమ్మకి షుగర్, బీపీ ఉన్నాయి. నాన్న లేరు, నేను ఒక్కదాన్నే కూతుర్ని. పెన్షన్ వచ్చాక ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు ఉంటుందని మా వారి ధీమా. కానీ మా వీధిలో ఒక రిటైర్డ్ సుబేదార్ గారిని ప్రైవేటు ఆసుపత్రి వాళ్ళు ‘బెడ్లు లేవు’ అని తిప్పి పంపారట. ఆ కార్డుకి 30,000 కట్టడం దండగ, నెలకి వెయ్యి మెడికల్ అలవెన్స్ తీసుకోవడం మేలు అని ఇంకొకాయన అంటున్నారు. ఇంతలో తెలిసిన ఏజెంట్ ఒకాయన మా నలుగురికీ, అమ్మకీ కలిపి 10 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ (అందరికీ కలిపి ఒకే ఆరోగ్య బీమా) అని కాగితం పంపారు. ఏడాదికి 68,000, పైన 18 శాతం జీఎస్టీ 12,240. రిటైర్మెంట్ డబ్బులోంచి కట్టేయమంటున్నారు. ఏం చేయాలో తోచక టెన్షన్‌గా ఉంది. ఇంకొక మాట, మా బావగారి అబ్బాయి అగ్నివీర్. వాడికీ ఈ కార్డు వస్తుందా?
ఒక సోదరి, బెంగళూరు

జవాబు:

చెల్లెమ్మా, ముందు ఆ ఏజెంట్ కాగితం మీద సంతకం పెట్టకండి. మీ ఇంట్లో ఆరుగురిలో ఐదుగురికి ఈసీహెచ్‌ఎస్ వర్తిస్తుంది. ఏ నీడా లేనిది మీ అమ్మగారొక్కరికే. ఉన్న డబ్బు, ఉన్న శ్రద్ధ ఆవిడ మీద పెట్టాలి. ఆ కాగితంలో ఆవిడని నలుగురి మధ్య ఐదో మనిషిగా చేర్చి, మిగతా నలుగురికీ రెండోసారి డబ్బు కట్టిస్తున్నారు.

ఈసీహెచ్‌ఎస్ కట్టాలా మానాలా అనేది అసలు మీ చేతిలో లేదు. ఈ పథకం 2003 ఏప్రిల్ 1న మొదలైంది. ఆ తర్వాత పెన్షన్ మీద వచ్చే ప్రతి సైనికుడూ చేరి తీరాలి. హవల్దార్ దాకా 30,000 రూపాయలు, ఒక్కసారే, రిటైర్మెంట్ డబ్బులోంచి పట్టుకుంటారు. మీ వారికి ఆనరరీ నాయబ్ సుబేదార్ ర్యాంకు వస్తే అది 67,000 అవుతుంది, దానికి తగ్గట్టు జనరల్ వార్డు బదులు సెమీ ప్రైవేట్ వస్తుంది. అలవెన్స్ సంగతి చెప్పినాయన పాతకాలం పెన్షనర్ అయివుండాలి. ఈసీహెచ్‌ఎస్‌లో ఉన్నవాళ్ళకి ఆ వెయ్యి రూపాయలు రావు, రెండూ కలిపి తీసుకోవడం కుదరదు. మీ వారికి ఆ ఎంపికే లేదు కాబట్టి దాని గురించి మధనపడకండి.

ఇందులో మీకు దక్కేదేమిటో మీ అత్తయ్య గారినే చూసి అర్థం చేసుకోండి. 71 ఏళ్ళు, గుండెలో స్టెంట్. ఆవిడ పేరు చెప్పగానే చాలా బీమా కంపెనీలు వెనకడుగు వేస్తాయి. ఇచ్చినా గుండె జబ్బుకి ఇన్నేళ్ళు ఆగాలంటాయి, బిల్లులో కొంత మీరే పెట్టుకోవాలంటాయి. ఈసీహెచ్‌ఎస్ ఇవేవీ అడగదు. ఉన్న జబ్బుకి మొదటి రోజు నుంచే వైద్యం. ఎంప్యానెల్ ఆసుపత్రిలో, అంటే పథకం జాబితాలో ఉన్న ప్రైవేటు ఆసుపత్రిలో, నగదు కట్టే పని లేదు, ఏడాదికి ఇన్ని లక్షలని పైన గీత కూడా లేదు. నెలనెలా గుండె మాత్రలు ఈసీహెచ్‌ఎస్ సొంత క్లినిక్ అయిన పాలీక్లినిక్‌లోనే ఇస్తారు. మీ వారి తర్వాత కూడా ఫ్యామిలీ పెన్షన్ తీసుకునే భార్యగా మీ కార్డు నడుస్తుంది. 30,000కి ఇంత దొరికే చోటు బయట ఎక్కడా లేదు, చెల్లెమ్మా. జనరల్ వార్డు అని చిన్నబుచ్చుకునే వాళ్ళుంటారు. అందులో పడుకున్న మనిషికీ డాక్టరు అదే, ఆపరేషన్ థియేటరూ అదే.

సుబేదార్ గారికి జరిగిందని మీరు రాసింది నిజమే అయివుంటుంది. అలాంటి ఫిర్యాదులు చాలా చోట్ల నుంచి వస్తున్నాయి. ఆసుపత్రులకి ఈసీహెచ్‌ఎస్ బిల్లులు ఆలస్యంగా రావడం చాలాకాలంగా ఉన్న సమస్య. పైగా ఇచ్చేది సీజీహెచ్‌ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల వైద్య పథకం) రేట్ల ప్రకారం, అవి ప్రైవేటు రేట్ల కన్నా బాగా తక్కువ. 2025 అక్టోబర్‌లో సీజీహెచ్‌ఎస్ రేట్లు సవరించారు గానీ బకాయిల బాధ వేరే. ఆ కోపమంతా రిసెప్షన్‌లో నిలబడ్డ మాజీ సైనికుడి మీద పడుతుంది. ఇది చాలా అన్యాయం. దేశం కోసం పాతికేళ్ళు పనిచేసిన మనిషి, వయసు మళ్ళాక, రెఫరల్ కాగితం చేత్తో పట్టుకుని ‘బెడ్ ఉందా బాబూ’ అని బతిమాలుకోవడం ఎవరికీ జరగకూడని పని.

అయినా చేయగలిగింది ఉంది. ‘బెడ్ లేదు’ అంటే ఆ మాట కాగితం మీద రాసి ఇమ్మనండి. చాలాసార్లు అక్కడే గొంతు మారుతుంది. మారకపోతే అక్కడి నుంచే పాలీక్లినిక్ ఆఫీసర్ ఇన్‌ఛార్జ్‌కి ఫోన్ చేయండి. ఆయన వల్ల కాకపోతే బెంగళూరులోనే ఈసీహెచ్‌ఎస్ రీజినల్ సెంటర్ ఉంది, అక్కడ రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ఎంప్యానెల్ ఆసుపత్రి అడ్వాన్స్ అడగడం ఒప్పందానికి విరుద్ధం, ఆ సంగతి కూడా ఫిర్యాదులో రాయండి. ఇంకొక మాయ ఉంది. కంటి ఆపరేషన్‌కి వెళితే ‘మామూలు లెన్స్ ఎందుకమ్మా, ఫారిన్‌ది వేస్తాం, తేడా మీరు కట్టండి’ అంటారు. సంతకం పెట్టారో, ఆ తేడా ఎవరూ తిరిగివ్వరు. రేటు పరిధిలో వచ్చేదే వేయమని నిక్కచ్చిగా చెప్పండి.

మామూలు రోజుల్లో చాలామందికి దారి ఇలా ఉంటుంది. పొద్దున్నే పాలీక్లినిక్‌కి వెళ్ళి టోకెన్ తీసుకోవాలి, అక్కడి మెడికల్ ఆఫీసర్ చూస్తారు. అక్కడ కుదరని వైద్యమైతే రెఫరల్ ఇస్తారు. ఆ రెఫరల్ పట్టుకుని జాబితాలో ఉన్న ఆసుపత్రిలో ఈసీహెచ్‌ఎస్ డెస్క్‌కి వెళతారు. సర్వీసులో ఉన్నప్పుడు తిన్నగా కమాండ్ హాస్పిటల్‌కి వెళ్ళిన అలవాటు మీది కాబట్టి మొదట్లో ఇది చికాకుగా ఉంటుంది. పాలీక్లినిక్‌లో లేని మందు ఉంటే దాన్ని ఎలా ఇప్పిస్తారో అడగండి. వాళ్ళు చెప్పకుండా బయట కొనేసి బిల్లులు తెస్తే డబ్బు వెనక్కి రావడం కష్టం.

అర్ధరాత్రి అత్తయ్య గారికి గుండె నొప్పి వస్తే రెఫరల్ కోసం ఎవరూ తెల్లారేదాకా కూర్చోరు. ఎంప్యానెల్ ఆసుపత్రికి తిన్నగా తీసుకెళ్ళి కార్డు చూపించండి, పాలీక్లినిక్‌కి తెలియజేసే పని ఆసుపత్రిదే. అదే దగ్గర్లో ఉందని జాబితాలో లేని ఆసుపత్రికి తీసుకెళితే కథ వేరు. 48 గంటల్లోపు దగ్గర్లోని పాలీక్లినిక్‌కి మీరే తెలియజేయాలి. బిల్లు మీరే కట్టాలి. తర్వాత అసలు బిల్లులు, డిశ్చార్జ్ సమ్మరీ, ఎమర్జెన్సీ సర్టిఫికెట్ పెట్టి క్లెయిమ్ చేస్తే సీజీహెచ్‌ఎస్ రేట్ల మేరకే వెనక్కి వస్తుంది. మీరు 4 లక్షలు కట్టి ఉండొచ్చు, ఆ చికిత్సకి రేటు 2 లక్షలే అయితే మిగతా 2 లక్షలు మీవే. కాబట్టి మీ ఇంటికి దగ్గర్లో, గుండె జబ్బులకి 24 గంటలూ ఎమర్జెన్సీ ఉన్న ఎంప్యానెల్ ఆసుపత్రి ఏదో ఇప్పుడే కనుక్కోండి. దాని పేరు, దారి, పాలీక్లినిక్ నంబరు కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించండి. మీరూ మీ వారూ ఇంట్లో లేనప్పుడు పాపకి అదే దిక్కు.

ఇక డిసెంబర్ లోపు చేయాల్సిన అసలు పని. కార్డు అప్లికేషన్ రిటైర్ అవ్వకముందే ఆన్‌లైన్‌లో పెడతారు. అది ఆగిపోయేది చాలావరకు పేర్ల దగ్గరే. సర్వీసు రికార్డులో మీ పేరు ఇంటిపేరుతో ఉంటుంది, ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా మారిపోయి ఉంటుంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో బాబు పుట్టినరోజు ఒకటి, పార్ట్ టూ ఆర్డర్ (కుటుంబ వివరాలు సర్వీసు రికార్డులోకి ఎక్కించే ఆర్మీ ఉత్తర్వు)లో ఇంకొకటి. మన తెలుగువాళ్ళకి ఇంటిపేరు ముందుంటుంది, క్లర్కు దాన్ని వెనక్కి నెడతాడు, ఆధార్ సెంటర్ వాడు మళ్ళీ ముందుకి తెస్తాడు. ఇవన్నీ సర్వీసులో ఉండగా పార్ట్ టూ ఆర్డర్‌తో సరిచేయించుకోవడం తేలిక. పెన్షన్ వచ్చాక అఫిడవిట్లు, ఉత్తరాలు, ఎదురుచూపులు. ఎంఈజీ రికార్డ్ ఆఫీసు బెంగళూరులోనే ఉంది, మీకు ఊళ్ళు తిరిగే పని కూడా లేదు. ఈ ఆదివారం ఇంట్లో అందరి ఆధార్లు, సర్టిఫికెట్లు, పార్ట్ టూ ఆర్డర్ నకళ్ళు ఒక చోట పరిచి అక్షరం అక్షరం పోల్చి చూడండి. ముఖ్యంగా అత్తయ్య గారివి. ఆ వయసువాళ్ళకి పుట్టినరోజు రుజువు ఒక్కో కాగితంలో ఒక్కోలా ఉంటుంది.

అత్తయ్య గారి విషయంలో ఆదాయం లెక్క కూడా చూస్తారు. ఆధారపడిన తల్లిగా కార్డు రావాలంటే ఆవిడ మీతో ఉండాలి, ఆవిడ నెల ఆదాయం 9,000, దాని మీద డీఏ, ఈ రెండూ కలిపిన మొత్తానికి లోపు ఉండాలి. ఊళ్ళో పొలం కౌలు, ఏదైనా పెన్షన్, బ్యాంకు వడ్డీ అన్నీ కలిపి లెక్కేయండి. దాచిపెట్టి కార్డు తీసుకోవద్దు, బయటపడితే మొత్తం కుటుంబం సభ్యత్వానికే ముప్పు.

ఆవిడకి 70 దాటాయి కాబట్టి ఎవరో ఒకరు ఆయుష్మాన్ వయ వందన కార్డు చేయిస్తామని క్యాంపుకి రమ్మంటారు. 2024 అక్టోబర్ 29న మొదలైన పథకం అది. ఆదాయంతో సంబంధం లేకుండా 70 దాటినవాళ్ళకి ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం. మంచి పథకమే, కానీ ఈసీహెచ్‌ఎస్ ఉన్నవాళ్ళు రెండింటిలో ఒకటే ఎంచుకోవాలి. పరిమితి లేని దాన్ని వదిలి 5 లక్షల దానికి వెళ్ళడం నష్టం. ఉచితం అన్నారని వేలిముద్ర వేసి రావద్దని ఆవిడకి చెప్పి ఉంచండి.

పిల్లల సంగతి తేలిక. బాబుకి 25 వచ్చేదాకా, లేదా ఉద్యోగమో పెళ్ళో అయ్యేదాకా, ఏది ముందైతే అది. పాపకి పెళ్ళి అయ్యేదాకా లేదా సంపాదన మొదలయ్యేదాకా. బాబుకి ఉద్యోగం రాగానే కంపెనీ గ్రూప్ పాలసీ వస్తుంది. దాన్నే నమ్ముకోకుండా సొంతంగా ఒక పాలసీ తీసుకోమనండి, ఆ వయసులో ప్రీమియం తక్కువ, జబ్బులేవీ ఉండవు.

ఇప్పుడు మీ అమ్మగారు. ఈసీహెచ్‌ఎస్‌లో మాజీ సైనికుడి తల్లిదండ్రులకి చోటుంది, భార్య తల్లిదండ్రులకి లేదు. మీకు అన్నదమ్ములు లేరు, ఆవిడకి మీరు తప్ప ఎవరూ లేరు, ఉండేది అదే ఇంట్లో. అయినా రూల్ ఒప్పుకోదు. ఒక్కతే కూతురున్న ఇళ్ళు ఇప్పుడు ఎన్నో ఉన్నాయి, ఈ రూల్ మారాలని నేను గట్టిగా కోరుకుంటాను. మారేదాకా దారి మనమే చూసుకోవాలి.

మొదట ఒక్క రూపాయి ఖర్చు లేనిది. ఊళ్ళో మీ అమ్మగారి పేరు మీద రైస్ కార్డు ఉందా? ఉంటే డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ, అంటే మనం ఆరోగ్యశ్రీ అని పిలిచేది, ఆవిడకి వర్తించే అవకాశముంది. 2019 నవంబర్‌లో ఆ పథకాన్ని కొన్ని పెద్ద చికిత్సలకి బెంగళూరు, చెన్నై, హైదరాబాద్ ఆసుపత్రులకి కూడా విస్తరించారు. ఇప్పుడు ఇక్కడ ఏయే ఆసుపత్రులు జాబితాలో ఉన్నాయో, అమ్మగారి పేరు ఆన్‌లైన్‌లో కనిపిస్తోందో లేదో గిద్దలూరు వెళ్ళినప్పుడు సచివాలయంలో గానీ నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్ర అనే సహాయకుణ్ణి గానీ అడగండి.

రెండోది, ఆవిడ ఒక్కరి పేరు మీదే ఒక పాలసీ. ఫ్లోటర్‌లో ప్రీమియం అందరికన్నా పెద్ద వయసు మనిషిని బట్టి కడతారు. ఏజెంట్ మీ నలుగురినీ 63 ఏళ్ళ మనిషి పక్కన నిలబెట్టారు, అందుకే 68,000. ఆవిడని విడిగా తీసి 5 లక్షల పాలసీ ఎంతవుతుందో రెండు మూడు కంపెనీల్లో అడగండి. ఇంకొకటి గమనించండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద జీఎస్టీ లేదు, ఫ్యామిలీ ఫ్లోటర్ మీద కూడా లేదు. మీ కాగితంలో 12,240 ఇంకా ఎందుకుందో ఆయన్ని అడగండి. పాత కాగితమే పంపి ఉండొచ్చు. కానీ ఆ మాత్రం చూసుకోని మనిషి రేపు క్లెయిమ్ రోజు ఏం చూస్తారు?

వయసు 63 అని, షుగర్ ఉందని తలుపు మూసుకుపోదు. 2024 ఏప్రిల్ నుంచి వచ్చిన నిబంధనల ప్రకారం ఉన్న జబ్బులకి వెయిటింగ్ పీరియడ్, అంటే క్లెయిమ్ కోసం ఆగాల్సిన కాలం, 36 నెలలు మించకూడదు, ఇదివరకు 48 ఉండేది. కొన్ని పాలసీల్లో ఇంకా తక్కువ ఉంటుంది, కాస్త ప్రీమియం ఎక్కువైనా అమ్మగారికి అలాంటిదే చూడండి. మీకు కావాల్సింది షుగర్‌తో వచ్చే కిడ్నీ, కాలు, కంటి సమస్యలకే కదా.

ప్రపోజల్ ఫారం మీరే నింపండి, ఏజెంట్‌కి వదలొద్దు. ‘షుగర్ సంగతి రాయకండి మేడమ్, ప్రీమియం పెరుగుతుంది’ అని చాలా తేలిగ్గా అంటారు. ఏ ఏడాది షుగర్ వచ్చింది, ఏ మాత్ర, ఎంత పవర్, ఇన్సులిన్ ఉందా, ఎప్పుడైనా అడ్మిట్ అయ్యారా, అన్నీ రాయండి. అమ్మగారి పాత చీటీలన్నీ ఆసుపత్రి వాళ్ళు కేస్ షీట్‌లో ఎక్కిస్తారు. ‘పదేళ్ళుగా షుగర్’ అని ఆ షీట్‌లో ఉండి, ఫారంలో లేకపోతే క్లెయిమ్ అక్కడే ఆగుతుంది. అయిదేళ్ళు ఆపకుండా పాలసీ నడిపాక, మోసం అని రుజువైతే తప్ప, జబ్బు చెప్పలేదన్న సాకుతో కొట్టేయకూడదని నిబంధన ఉంది. కానీ ఆ అయిదేళ్ళూ భయంతో గడపడం ఎందుకు? నిజం రాసేయండి. పాలసీ చేతికొచ్చాక చదివి నచ్చకపోతే 30 రోజుల్లో వెనక్కివ్వొచ్చు.

చదివేటప్పుడు రెండు చోట్ల వేలు పెట్టి ఆగండి. ఒకటి కో పే. 20 శాతం అని ఉంటే ప్రతి లక్షలో 20,000 మీవి. రెండోది రూమ్ అద్దె పరిమితి. చాలామంది మోసపోయేది ఇక్కడే, కాస్త వివరంగా చెబుతాను. 5 లక్షల పాలసీలో రోజుకి ఒక శాతం, అంటే 5,000 పరిమితి ఉందనుకోండి. మీరు 8,000 గది తీసుకున్నారు, అయిదు రోజులు. తేడా 15,000 కట్టుకుంటే పోతుందిలే అనుకుంటారు. అలా కాదు. గది అద్దె 40,000తో పాటు డాక్టరు ఫీజు, నర్సింగ్, థియేటర్ చార్జీలు 1,60,000 అయ్యాయనుకుందాం, మొత్తం 2 లక్షలు. 8,000లో 5,000 అంటే 62.5 శాతం. కంపెనీ ఆ మొత్తం 2 లక్షల్లో 62.5 శాతమే, 1,25,000 ఇస్తుంది. మీ చేతి నుంచి పడేది 75,000. మందులు, పరీక్షలకి ఈ కోత ఉండకూడదు గానీ మిగతా వాటికి ఉంటుంది. ‘సింగిల్ ప్రైవేట్ రూమ్’ అని ఉండి, రూపాయల్లో పరిమితి లేని పాలసీ తీసుకోండి. దొరక్కపోతే పరిమితిలోపు గదిలోనే ఉండండి.

క్యాష్‌లెస్ అడిగితే గంటలో, డిశ్చార్జ్ బిల్లుకి మూడు గంటల్లో కంపెనీ తేల్చి చెప్పాలన్న నిబంధన ఉంది, గుర్తుపెట్టుకుని అడగండి. అన్యాయంగా కొట్టేస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బెంగళూరులోనే ఉన్న బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు విచారించే అధికారి) దగ్గరికి వెళ్ళొచ్చు. 50 లక్షల దాకా కేసులు చూస్తారు, ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

మూడోది, వెయిటింగ్ పీరియడ్‌లో అమ్మగారికి ఏమైనా అయితే? అందుకే రిటైర్మెంట్ డబ్బు రాగానే, ఇల్లు అనీ పెళ్ళి అనీ ఎవరూ ముట్టుకోకముందే, 2 లక్షలో 3 లక్షలో ఆవిడ పేరు చెప్పి ఒక ఎఫ్‌డీ వేయండి. మీ వారు ఒప్పుకుంటారో లేదో అని మీరు సంకోచిస్తున్నట్టు ఉత్తరంలో వాలకం కనబడింది. ఆయనకి ఇలా చెప్పండి: మీ అమ్మగారి వైద్యం ఆర్మీ చూసుకుంటోంది, అందువల్ల మనకి మిగిలిన డబ్బులో కొంత మా అమ్మకి. పాతికేళ్ళు మీరు ఆయన బదులు ఇంటినీ, అత్తయ్య గారినీ చూసుకున్నారు. అది అడగడానికి మీకు పూర్తి హక్కుంది.

మిగతా నలుగురికీ ప్రైవేటు పాలసీ కావాలా అంటే, ఇప్పుడే వద్దంటాను. కార్డు వచ్చాక ఒక ఏడాది వాడి చూడండి. మీ వారు రెండో ఉద్యోగంలో చేరితే అక్కడ గ్రూప్ పాలసీ దొరకొచ్చు. తర్వాత ఊరెళ్ళి స్థిరపడదామనుకుంటే మాత్రం మళ్ళీ ఆలోచించాలి. పాలీక్లినిక్ మార్చుకోవచ్చు గానీ, గిద్దలూరు వైపు నుంచి పెద్ద ఎంప్యానెల్ ఆసుపత్రికి గంటల ప్రయాణం. అలాంటప్పుడు మీ ఇద్దరి పేర్ల మీద ఒక మామూలు పాలసీ ఉండటం మంచిది. ఒకే బిల్లుని రెండు చోట్లా పూర్తిగా వసూలు చేసుకోవడం మాత్రం కుదరదు.

ఇంట్లో ఉన్న కాగితాలు కూడా ఒకసారి తిరగేయండి. ఆర్మీ గ్రూప్ ఇన్సూరెన్స్‌ని, జీతం ఖాతాతో బ్యాంకు ఇచ్చే ప్రమాద బీమాని చూసి ‘మాకు ఇన్సూరెన్స్ ఉంది కదా’ అనుకునే కుటుంబాలు చాలా ఉన్నాయి. మొదటిది ప్రాణానికి, రెండోది ప్రమాదానికి. జ్వరంతో అడ్మిట్ అయితే రెండూ పలకవు. కార్డు చేతికి వచ్చేదాకా ఆన్‌లైన్‌లో ఇచ్చే తాత్కాలిక స్లిప్ చెల్లుతుంది. దాని ప్రింట్లు తీయించి మీ పర్సులో ఒకటి, అత్తయ్య గారి మందుల సంచిలో ఒకటి ఉంచండి.

మీ బావగారి అబ్బాయికి ఈ కార్డు రాదు. అగ్నివీర్‌గా ఉన్న నాలుగేళ్ళూ మిలిటరీ ఆసుపత్రిలో వైద్యం, 48 లక్షల జీవిత బీమా ఉంటాయి. నాలుగేళ్ళయ్యాక బయటికొస్తే పెన్షన్ లేదు, ఈసీహెచ్‌ఎస్ లేదు. రెగ్యులర్‌గా ఉంచుకునే 25 శాతంలో ఉంటే అప్పుడు సంగతి వేరు. బయటికొచ్చేటప్పుడు సేవా నిధి డబ్బు వస్తుంది, ఊళ్ళో అందరి చూపూ దాని మీదే ఉంటుంది. బండి కొనకముందు తన పేరు మీద ఒక పాలసీ, కుదిరితే తల్లిదండ్రులకి ఒకటి తీసుకోమనండి. పాలసీ మొదలైన తొలి 30 రోజులూ ప్రమాదాలకి తప్ప దేనికీ క్లెయిమ్ ఇవ్వరు. అందుకని బయటికి రావడానికి ఒక నెల ముందే మొదలుపెట్టమనండి.